ఇవాళ ప్రెషరెంత?

సాయంత్రం వాతావరణ బులెటిన్ వచ్చే వేళకు కలకత్తాలో మా పేపర్ ఆఫీసు డెస్క్ మీది నల్ల ఫోన్ మోగేది. ఎవరు ఎత్తినా అవతలి గొంతు మంచి బెంగాలీలో నన్ను పిలవమనేది. నేను అందుకోగానే తెలుగులోకి మారేది.

"ఇవాళ ప్రెషరెంత?"

బులెటిన్ కాగితం నా ముందే ఉండేది. ఉష్ణోగ్రత, తేమ, వాన, వాటి కింద గాలి ఒత్తిడి. పేపర్లో ఓ మూల చిన్న అక్షరాల్లో వేసే ఆ నాలుగు అంకెల్ని పాఠకుల్లో ఎవరైనా చూస్తారని మేమెవరమూ అనుకునేవాళ్లం కాదు. నేను చదివేవాణ్ని. "వెయ్యీ రెండు." ఆయన ఒక్కో అంకె విడగొట్టి, "ఒకటి, సున్నా, సున్నా, రెండు" అని తిరిగి చెప్పి ఫోన్ పెట్టేసేవారు. బాగున్నావా లేదు, ఉంటాను లేదు.

పక్క కుర్చీలోని బెంగాలీ మిత్రుడు కొన్నాళ్లు చూసి ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు. "ఎవరికి దాదా ప్రెషరు? మీ ఇంట్లో పెద్దాయనకా?"

"అవును, ఒక పెద్దాయనకే."

"వెయ్యి దాటిందంటున్నావు. అంత ఉంటే మనిషి బతుకుతాడా?"

డెస్కంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఫోన్ చేసే ఆయన విమానం నడిపి మానేసినవారని, ఆ అంకె వినకపోతే ఆయనకు సాయంత్రం గడవదని ఆ నవ్వుల మధ్య చెప్పడం కుదరలేదు.

మా తెలుగు సంఘంలో అందరికీ ఆయన కెప్టెన్‌గారు. ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ రేవులో క్రేన్ నడిపాడు. ఆ రేవు పక్కనే వాట్‌గంజ్‌లో ఒక గది, వాకిట్లో అన్ని కుటుంబాలకూ కలిపి ఒక కుళాయి. అక్కడి నుంచి ఒకడు కాక్‌పిట్ దాకా వెళ్లాడంటే ఆ వీధి చాలాకాలం నమ్మలేదట. "మా నాన్న మావోడు బస్సు తోలతన్నాడని చెప్పీవోడు. ఇమానం అంటే ఇంకో కప్పు టీ అడిగి మరీ నవ్వుతారని ఆడి బయ్యం" అనేవారు కెప్టెన్‌గారు, తండ్రి యాసను అచ్చంగా దించుతూ. ఆయన సొంత మాటలో ఆ యాస కాస్త పలచబడింది గాని పోలేదు.

నాకు ఆయన పరిచయమైంది విమానాల వల్ల కాదు, నాటకం వల్ల. సంఘానికి ఖిదిర్‌పూర్‌లో ఒక బియ్యం దుకాణం మీద గది ఉండేది. ఏటా దుర్గాపూజ సెలవులు ముగిశాక వార్షికోత్సవం, దానికి ఒక నాటకం. ఎనభైల చివర్లో ఆ ఏడాది మాలోనే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు రాసిన నాటకం ఎత్తుకున్నాం. ఆస్తంతా కరిగిపోయిన జమీందారు చివరికి ఉంటున్న ఇల్లు కూడా అమ్మి, తాళాలు కొన్నవాడి చేతిలో పెట్టడం దాని కథ. జమీందారు కెప్టెన్‌గారు. నాకు నటన రాదు కాబట్టి గుమాస్తా వేషం ఇచ్చారు. దొర పక్కన చేతులు కట్టుకుని నిలబడితే చాలు.

తెర వెనక నుంచి మాట అందించేవాడు కోపైలట్. నిజంగానే కోపైలట్, కెప్టెన్‌గారి విమానంలోనే. బ్యాంకు ఆఫీసరైన తండ్రికి బదిలీ అయినప్పుడు విజయవాడ నుంచి వచ్చిన కుటుంబం. మా సంఘంలో కుర్రకారు తెలుగు ఇంట్లో మాట్లాడటమే గాని చదవడానికి తడుముకునేవాళ్లు. అతను గడగడా చదివేవాడు. అందుకే ఆ పని అతనికి వచ్చింది. కెప్టెన్‌గారిని "గురువుగారూ" అని పిలిచేవాడు, గదిలోనూ, గాల్లోనూ. విమానంలో ఆయనకు కుడిపక్క కూర్చునేవాడు. నాటకంలోనూ కుడివైపు తెర చాటునే ఒక స్టూలు మీద.

రిహార్సల్స్‌లో కరెంటు పోవడం మామూలే. ఊరంతటికీ ఉన్నదే మాకూ. లోడ్‌షెడ్డింగ్ మొదలవగానే కోపైలట్ టార్చి వెలిగించి కాగితాల మీద పెట్టుకునేవాడు. ఆ గుండ్రటి వెలుగు పక్కన కెప్టెన్‌గారు చీకట్లోనే డైలాగు చెప్పుకుపోయేవారు. రేవులో ఓడ కూత వేస్తే కూత అయిందాకా ఆగి, ఆగిన చోటి నుంచే అందుకునేవారు. ఆ ఆగడం చూడముచ్చటగా ఉండేది. ఆయన నటనంతా మాటల్లో కన్నా ఆగడంలోనే ఉందని మేం తర్వాత గ్రహించాం.

ప్రదర్శన రోజున అద్దె హాలు నిండింది. చివరి రంగం. కొన్నవాడు చెయ్యి చాపాడు. కెప్టెన్‌గారు తాళాల గుత్తి అతని అరచేతిలో పెట్టి, "ఈ తాళాలు తీసుకోండి" అన్నారు. తర్వాతి మాట, "తలుపులు మాత్రం నన్నే గుర్తుపడతాయి." ఆ రెంటి మధ్యా ఆయన ఆగారు. రిహార్సల్‌లో ఎన్నడూ ఆగనంత సేపు. చెయ్యి గుత్తి మీంచి తియ్యలేదు. హాల్లో ఎవరూ దగ్గను కూడా లేదు.

తెర తాడు పట్టుకున్న బెంగాలీ ఆయనకు నాటకం అయిపోయిందనిపించింది. "దాదా, పర్దా ఫేల్‌బో నాకీ?" అని గుసగుసలాడాడు, దించెయ్యమంటావా అని. కోపైలట్ కంగారుపడ్డాడు. గురువుగారు మరిచిపోయారు, తెర పడిపోతోంది. హాలు మధ్యదాకా వినపడేట్టు "తలుపులు మాత్రం!" అని అందించాడు.

ముందు వరసలో పకాలుమన్నారు.

తెర పడ్డాక కెప్టెన్‌గారు మొహానికి రంగు కూడా తుడుచుకోకుండా వచ్చారు. "ఏటిరా నువ్వు? నేనాగితే మరిచిపోయినట్టేటి?"

"అంతసేపయిందని, గురువుగారూ..."

"అయితే? ఆగడం కూడా ఏక్షనే గదేటి! ఇల్లు పోతన్నాది ఆడికి. లగెత్తుకుని డైలాగు చెప్పీమంటావా?"

"తప్పయింది."

"నేనడగందే అందించకు. ఇదిగో." భుజం మీది కండువా కొస పట్టుకుని సవరించి చూపించారు. "ఇలగ కండువా సర్దుకున్నాననుకో, మరిచిపోయేనని లెక్క. అప్పుడియ్యి. సర్దకపోతే నోరు మూసుకుని కూచో. నాకు తెలుసు నేనెక్కడున్నానో."

కోపైలట్ తల ఊపాడు. ఆ రాత్రి అందరం కలిసి భోంచేశాం. కెప్టెన్‌గారి భార్య, మాకందరికీ వదినగారు, వడ్డిస్తూ అతనికి ఇంకో చేపముక్క వేసి, "ఊరుకో నాయనా, ఇంట్లో ఈ మనిషికి నేనూ అలగే అందిస్తన్నాను, నన్నూ అలగే కసురుతారు" అంది. కెప్టెన్‌గారు కూడా నవ్వేశారు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఒక సంగతి తెలియాలి. ఎప్పుడో కెప్టెన్‌గారే మట్టి ముంతలో టీ తాగుతూ నాకు చెప్పారు. విమానంలో ఎత్తు చూపే ముల్లు నిజానికి ఎత్తును కొలవదు. చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని కొలిచి, దాన్ని ఎత్తుగా మార్చి చూపిస్తుంది. బాగా పైన ఎగిరేటప్పుడు అన్ని విమానాలూ ఒకే అంకె పెట్టుకుంటాయి. కిందికి దిగేటప్పుడు మాత్రం, దిగబోయే ఊళ్లో ఆ పూట ఒత్తిడి ఎంతో కంట్రోల్ వాళ్లు చెబుతారు. చిన్న మర తిప్పి ఆ అంకెకు మార్చుకోవాలి. ఎవరి ముందున్న ముల్లు వాళ్లు మార్చుకుని, ఒకరికొకరు చెప్పుకోవాలి. బంగాళాఖాతంలో వాయుగుండం పడిన రోజున ఒత్తిడి బాగా తక్కువగా ఉంటుంది. అలాంటప్పుడు పాత అంకె అలాగే ఉండిపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. ఉన్నదానికన్నా పైన ఉన్నావంటుంది. "వాయుగుండం రోజున నేల నువ్వనుకున్న దానికన్నా దగ్గరుంటాది" అన్నారాయన, ముంత కింద పడేస్తూ.

నాటకం అయిన కొద్దిరోజులకే వాయుగుండం పట్టింది. ఆ మధ్యాహ్నం మద్రాసు నుంచి వస్తున్న విమానంలో ఎడమ సీట్లో కెప్టెన్‌గారు, కుడి సీట్లో కోపైలట్. నడుపుతున్నది ఆయన. రేడియోలో మాట్లాడుతున్నది అతను. జరిగింది కోపైలట్ నోటనే నేను విన్నాను, మా ఇంటి వరండాలో, అతను టీ చల్లారబెట్టుకుంటూ కూర్చున్న ఒక ఆదివారం.

"కంట్రోల్ వాళ్లు ప్రెషర్ ఇచ్చారండి, అన్నగారూ. నేనే తిరిగి చెప్పాను. నా వైపు మార్చుకున్నాను. గురువుగారు కుదుపుల్లో విమానం పట్టుకుని ఉన్నారు. ఆయన వైపు మారలేదు."

"నువ్వు చూశావా?"

"చూశానండి. రెండు ముళ్లూ తేడాగా ఉన్నాయి. ఆరేడు వందల అడుగులు. నాది నిజం, ఆయనది పాతది."

"మరి?"

అతను టీ కప్పు వంక చూశాడు. "ఇప్పుడు మారుస్తారు, ఇప్పుడంటారు అనుకున్నానండి. ఆయన ఎప్పుడూ మరిచిపోరు. పేద్ద మబ్బు. ఆయన కదలకుండా కూర్చుని ఉన్నారు, స్టేజీ మీద కూర్చున్నట్టే. నా కళ్లు..." ఆగాడు. "నా కళ్లు ఆయన భుజం మీదికి వెళ్లాయండి. యూనిఫాం భుజం. అక్కడ ఏముంటుంది అన్నగారూ? అయినా చూశాను. ఆయన సర్దుకోలేదు, నేను అనలేదు."

మబ్బు కింది అంచు దాటి బయటపడేసరికి ఊరి అంచున చేపల చెరువులు కనపడ్డాయట, గట్ల మీద గుడిసెల రేకులతో సహా, కనపడకూడనంత పెద్దగా. కెప్టెన్‌గారు క్షణంలో విమానాన్ని పైకి లాగారు. చుట్టు తిరిగి వచ్చి రెండోసారి సాఫీగా దించారు. దిగినవాళ్లలో చాలామందికి వాన వల్ల ఒక చుట్టు ఎక్కువ తిప్పారన్నంత వరకే తెలుసు. కెప్టెన్‌గారు నేరుగా ఆఫీసుకు వెళ్లి తనే చెప్పారు. నా ముల్లు మార్చుకోలేదు, తప్పు నాది అని.

విచారణ జరిగింది. ఇద్దరినీ విధుల్లోంచి దించేశారు. కోపైలట్‌ను చూశావు గదా, ఎందుకు చెప్పలేదని అడిగితే "ఆయన అంటారనుకున్నాను" అన్నాడట. అంతకన్నా చెప్పడానికి ఏముంది? కండువా సంగతి చెబితే అక్కడి పెద్దలకు ఏం అర్థమవుతుంది? కొన్ని నెలల శిక్షణ తర్వాత అతను మళ్లీ ఎక్కాడు. కెప్టెన్‌గారికీ దారి మూసెయ్యలేదు. మళ్లీ శిక్షణ, మళ్లీ పరీక్ష, కొన్నాళ్లు కుడి సీటు, ఆ తర్వాత చూద్దామన్నారు. ఆయన వెళ్లలేదు. ఉద్యోగం వదిలేశారు. విమానాశ్రయం దగ్గరి ఫ్లాటు కూడా వదిలేసి ఖిదిర్‌పూర్‌కు, తండ్రి ఉన్న వీధికి రెండు వీధుల అవతలికి వచ్చేశారు.

"నెత్తి మీంచి ఏరోప్లేన్లెళ్తంటే ఈ మనిషికి ముద్ద దిగట్లేదు" అంది వదినగారు, సామాను సర్దిన రోజున. "ఇక్కడైతే ఓడలే గదా. ఓడలు ఎంత కూసినా మాకేటి నొప్పి!"

కోపైలట్‌తో మాత్రం ఆయన మాట్లాడలేదు. తిట్టలేదు, నింద వెయ్యలేదు. విచారణలో కూడా అతని మీద ఒక్క మాట పడనివ్వలేదని విన్నాను. కానీ అతను ఇంటికి వస్తే పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోయేవారు. వదినగారు టీ ఇచ్చి, ఊరి కబుర్లు చెప్పి పంపేది. మూడోసారి కూడా అలా అయ్యాక అతను రావడం మానేశాడు.

అప్పుడు మొదలైంది మా డెస్క్ మీద ఫోన్.

ఒకటి కాదు, రెండు ఫోన్లు. సాయంత్రం కెప్టెన్‌గారిది, ప్రెషరెంత అని. ఎప్పుడో వారానికోసారి, ఏ ఊరి విమానాశ్రయం నుంచో, గరగరలాడే లైన్లో కోపైలట్‌ది. "అన్నగారూ, గురువుగారు నా గురించి ఏమైనా అన్నారా?"

"లేదయ్యా."

"ఏమీ?"

"ప్రెషర్ అడిగారు. చెప్పాను."

"ఎంతండీ?"

ఆ అంకె ఇతనికీ చెప్పేవాణ్ని. ఇతనూ ఒక్కో అంకె విడగొట్టి తిరిగి చెప్పేవాడు. ఒకే కాగితం మీది ఒకే అంకె ఇద్దరికీ చేరేది. మధ్యలో నేను. ఊళ్లో ఫోన్లు వారాల తరబడి చచ్చిపడి ఉండే రోజులవి. కెప్టెన్‌గారి లైను చచ్చిన సాయంత్రాల్లో ఆయన ట్రామెక్కి ధర్మతల్లా దాకా వచ్చేవారు. మా ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి కబురు పంపేవారు. నేను కిందికి దిగి చెబితే విని, తిరిగి చెప్పి, మళ్లీ ట్రాము. ఒకసారి ఊరేగింపు ట్రాముకు అడ్డం పడితే, జెండాల వెనక నడిచి నడిచి వచ్చారు. చొక్కా తడిసి ముద్దయింది. "రేపటి పేపర్లో చూసుకోవచ్చు గదండీ" అన్నాను.

"రేపు చూస్తే అది నిన్నటిది గదేటి" అన్నారు.

ఒకరోజు అడిగేశాను. ఖిదిర్‌పూర్ రేవు పక్కన నడుస్తున్నాం. దూరంగా ఒక క్రేన్ ఏదో పెట్టెను ఓడలోకి దించుతోంది. "ఆ అబ్బాయి మీద ఇంకా కోపమా?" అన్నాను.

"ఎవరికి కోపం? నాకా?" ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "ఆడేం చేసేడు? నేను నేర్పిందే చేసేడు. నా పక్కన కూచున్నోడు నన్ను చూసి నోరు మూసుకున్నాడంటే, ఆ మూయించినోణ్ని నేనే గదేటి. నాలాంటోడికి మళ్లీ ఆ సీటెందుకు?"

"ఆ మాటే అతనికి చెప్పొచ్చుగా."

ఆయన క్రేన్ వైపు తిరిగారు. పెట్టె ఓడలోకి దిగి కనపడకుండా పోయింది. "ఆడి మొహం చూస్తే నా చెయ్యి భుజమ్మీదికి పోతాది" అన్నారు. "ఎలగ మాట్లాడమంటావు?"

ఆ మాట నేను కోపైలట్‌కు చేరవేశాను. "అవి మీ మాటలేమో అన్నగారూ, నన్ను ఊరడించడానికి" అన్నాడు. "ఆయన నోట ఒక్కసారి 'ఒరే' అనిపించండి. చాలు."

నా వల్ల కాలేదు. సంవత్సరాలు గడిచాయి. ఆ నాటకం మేం మళ్లీ వెయ్యలేదు. కోపైలట్ కెప్టెనయ్యాడు, కొత్తగా వచ్చిన ఒక ప్రైవేటు విమాన సంస్థలో చేరాడు, బొంబాయికి మారాడు. మా మధ్య మాత్రం ఎప్పటికీ కోపైలటే. ఫోన్ మానలేదు. కెప్టెన్‌గారూ మానలేదు. డెస్క్ మీద నల్ల ఫోన్ పోయి తెల్లది వచ్చింది, టైప్ మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. బులెటిన్ ఫ్యాక్స్‌లో రావడం మొదలైంది. అంకె మాత్రం సాయంత్రమయ్యేసరికి అడిగే మనిషి కోసం సిద్ధంగా ఉండేది. ఎండాకాలంలో తగ్గి, చలికాలంలో పెరిగి. ఏడాది చుట్టూ ఎలా తిరుగుతుందో నాకు ఆ అంకెల్లోనే తెలిసేది.

తొంభైల చివర్లో విశాఖపట్నంలో వదినగారి మేనకోడలి పెళ్లికి నన్నూ పిలిచారు. ఉద్యోగం వదిలాక కెప్టెన్‌గారు ఎక్కడికెళ్లినా రైలే. వెళ్లేటప్పుడు అలాగే వెళ్లాం. తిరుగు ప్రయాణానికి వదినగారు ఎదురు తిరిగింది.

"నేను రైలెక్కను. పై బెర్తు ఎక్కలేను, కింద బెర్తు మీకు దొరకదు. ఏరోప్లేన్లో ఎళ్దాం."

"నాకు సరిపడదని తెలుసుగా."

"మీ బాధ మీది. నా మోకాళ్లు నావి. అరవై ఏళ్లొచ్చేయి, కిటికీ పక్కన కూచోడానికి కూడా బయమేటి?"

ఆయన చివరికి ఒప్పుకున్నారు. ఏ విమానమో, ఏ రోజో నేను బొంబాయికి ఫోన్ చేసి కోపైలట్‌కు చెప్పాను. అడిగింది అతనే. ఎందుకని నేను అడగలేదు.

ఆ రోజు కూడా వాయుగుండమే. అక్టోబరులో ఆ తీరానికి అదేం వింత కాదు. విశాఖలోనే ఆకాశం బూడిదరంగులో ఉంది. వదినగారు కిటికీ పక్కన, మధ్యలో కెప్టెన్‌గారు, ఇవతల నేను. పెళ్లివారు కప్పిన కండువా ఆయన భుజం మీద ఇంకా అలాగే ఉంది, జరీ అంచుది. విమానం లేచినంతసేపూ ఆయన కళ్లు మూసుకోలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ముందు సీటు వెనక భాగం వంక చూస్తూ ఉన్నారు. ఇంజను శబ్దం మారినప్పుడల్లా ఆయన కుడి చెయ్యి ఒక్క వేలు మేర కదిలేది, లేని పిడి మీద.

దిగడం మొదలవబోతుండగా మైకు గరగరలాడింది. ఇంగ్లిషులో, హిందీలో మామూలు మాటలు. తర్వాత తెలుగులో అదే గొంతు. కెప్టెన్‌గారు మైకు వైపు తల ఎత్తారు. ఎవరిదో నేను చెప్పక్కర్లేకపోయింది.

"కలకత్తాలో వాన పడుతోంది. మబ్బుల్లో కొంచెం కుదుపులుంటాయి, బెల్టులు తీయకండి. ఉష్ణోగ్రత ఇరవై ఆరు." చిన్న విరామం. "గాలి ఒత్తిడి తొమ్మిది వందల తొంభై నాలుగు. మరోసారి చెబుతున్నాను. తొమ్మిది, తొమ్మిది, నాలుగు."

మా వెనక సీటాయన, "గాలి ఒత్తిడి మనకెందుకండీ?" అని పక్కవాళ్లను అడగడం వినపడింది. వదినగారు కిటికీ వైపు నుంచి తల తిప్పి భర్త మొహం చూసింది. ఆయన భుజం మీది కండువాను ముట్టుకోలేదు. చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. పెదవులు మాత్రం కదిలాయి.

"తొమ్మిది, తొమ్మిది, నాలుగు" అన్నారు, ఎవరికీ వినపడనంత మెల్లగా. పక్కన ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

మబ్బు చాలాసేపు ఉంది. ఊరు కనపడేసరికి చేపల చెరువులు ఎంత చిన్నగా కనపడాలో అంత చిన్నగా ఉన్నాయి. ఆయన వదినగారి మీదుగా వంగి, చక్రాలు నేలను తాకేదాకా వాటినే చూశారు.

అందరూ దిగేదాకా ఆయన లేవలేదు. మేమే చివర. కాక్‌పిట్ తలుపు దగ్గర కోపైలట్ నిలబడి ఉన్నాడు. చెంపలు నెరిశాయి. టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు, ఏం చెయ్యాలో తెలియనివాడిలా. కెప్టెన్‌గారు అతని ముందు ఆగారు. ఆయన ఆగారంటే ఎంతసేపు ఆగుతారో నాకు తెలుసు.

"ఒరే" అన్నారు కెప్టెన్‌గారు. "నేనడక్కుండానే అందించీసేవు."

"ఆగలేకపోయానండి, గురువుగారూ."

"ఊఁ." అతని భుజం మీదుగా లోపలికి చూశారు. కుడి సీట్లో ఒక అమ్మాయి స్విచ్చులు ఆపుతోంది. "నీ పక్కన ఆ గుంటేటి? మాట్లాడతాదా?"

"బాగా మాట్లాడుతుందండి. ప్రెషర్ నాకంటే ముందు ఆమే అంది. నేను మర మీద చెయ్యి పెట్టేలోపే."

"కసిరేవా?"

"లేదండి."

"కసరకు" అన్నారు కెప్టెన్‌గారు. తన భుజం మీది కండువా తీసి, మడత పెట్టి, అతని చేతిలోని టోపీలో వేశారు. వదినగారు వెనక నుంచి, "కొత్త కండువా! పెళ్లోళ్లు పెట్టిందీ!" అంటూనే కళ్లు తుడుచుకుంది. బయట నిచ్చెన మెట్ల మీద వాన పడుతోంది. ఆయన రెయిలింగు పట్టుకుని మెల్లగా దిగారు. కింద నిలబడి, తడుస్తూ, ముక్కు పైకెత్తి ఉన్న ఆ విమానాన్ని చూశారు. వదినగారు రెండుసార్లు పిలిచాక గాని కదల్లేదు.

మర్నాడు సాయంత్రం బులెటిన్ వచ్చింది. ఫోన్ మోగలేదు. లైను చచ్చిందేమోనని ఎత్తి చూశాను, బాగానే ఉంది. ఆ మర్నాడూ అంతే. వారం చూసి ఖిదిర్‌పూర్ వెళ్లాను. వదినగారు తలుపు తీస్తూనే వేలు నోటి మీద పెట్టుకుంది. లోపల కెప్టెన్‌గారు ఫోన్లో ఉన్నారు. "ఒకటి, సున్నా, సున్నా, ఎనిమిది" అని తిరిగి చెప్పి, పెట్టెయ్యకుండా, "ఏ వైపు నుంచి దిగేవు? గాలెలగుంది? గుంట ముందుగా చెప్పిందేటి?" అని అడుగుతున్నారు.

"రోజూ ఏ ఊళ్లో దిగితే ఆ ఊరిది చెప్తన్నాడు ఆ బాబు" అంది వదినగారు గుసగుసగా. "ఈ మనిషి ఇక్కడ కూచుని అన్ని ఊళ్లలోనూ దిగుతన్నారు."

నేను టీ తాగి వచ్చేశాను. ఆయన నన్ను చూసి చెయ్యి ఊపారు, ఫోన్ దించకుండానే.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ కాగితం నా బల్ల మీదికి వస్తూనే ఉంది. ఇప్పుడు కెప్టెన్‌గారు లేరు. నేను న్యూ టౌన్‌లో, దిగే విమానాలు పొట్ట కనపడేలా వెళ్లే చోట ఉంటున్నాను. సాయంత్రమైతే, పొద్దుటి పేపర్లో ఆ మూల చిన్న అక్షరాల కోసం నా కళ్లు ఇప్పటికీ వెతుకుతాయి. దొరికాక ఒక్కో అంకె విడగొట్టి పైకి చదువుతాను. తిరిగి చెప్పే గొంతు కోసం కాసేపు ఆగుతాను.